కిటికీలు మూసిన బండి

అంబులెన్సు వెనక తలుపుకి బయటి నుంచి గడియ పడిన చప్పుడు దగ్గర పోయిన వారం ఆగాం. ఆ తలుపు లోపల ఇద్దరున్నారు. స్ట్రెచర్ మీద తొడ ఎముక విరిగిన ఇంజను తాత, పక్కనే చెక్కబల్ల మీద ఆయన కోడలు. ఆసుపత్రిలో పనిచేసే ఆమెను ఊరంతా నర్సమ్మ అనే పిలుస్తుంది. ముందు స్టీరింగు పట్టుకున్నది తాత కొడుకు, అంటే నర్సమ్మ భర్త. పెట్రోలు రావడం ఆగిపోయి బళ్ళన్నీ షెడ్లలో తుప్పు పడుతున్న రోజుల్లో, ఈ అంబులెన్సుకి బొగ్గు పొయ్యి తగిలించి, దాంట్లోంచి వచ్చే గ్యాసుతో ఇంజను తిప్పి, అందరిచేతా శభాష్ అనిపించుకున్న మెకానిక్ అతనే. రైలింజన్లు నడిపి రిటైరైన తండ్రికి మాత్రం ఆ బొగ్గు గ్యాసు పేరెత్తితే ఒళ్ళు మంట. లోకానికి ఆవిరే దిక్కంటూ పెరట్లో సొంతంగా ఆవిరి బండి కడుతూ, బాయిలరు మీంచి జారిపడి తొడ విరగ్గొట్టుకున్నాడు.

నర్సమ్మను కొన్నాళ్ళుగా పీడిస్తున్న సంగతి ఇంకొకటి ఉంది. కొండ అవతలి పెద్దాసుపత్రికి ఇదే బండిలో బయల్దేరినవాళ్ళలో ఇద్దరు దారిలోనే పోయారు. ఆయాసంతో బయల్దేరిన బడి మాస్టారు ఒకరు, చెయ్యి విరిగిన కుట్టుమిషను ఆవిడ ఇంకొకరు. ఇద్దరివీ ప్రాణం మీదికొచ్చే జబ్బులు కావు. గుండె ఆగిందన్నారు డాక్టరుగారు. రెండుసార్లూ నర్సమ్మ ముందు సీట్లో భర్త పక్కనే కూర్చుంది. వెనక కూర్చుని కొండ ఎక్కడం ఆమెకు ఇదే మొదలు.

వాన ఏకధారగా పడుతోంది. జల్లు మామగారి మీద పడకుండా నర్సమ్మ రెండు పక్కల కిటికీ అద్దాలూ బిగించి, సందుల్లో తువ్వాలు ముక్కలు కుక్కింది. లోపల డెట్టాలు వాసన, తడి దుప్పటి వాసన, వాటి వెనక ఎప్పుడూ ఉండే కాలిన బొగ్గు వాసన. ఆ బండి ఎక్కేవాళ్ళెవరూ ఆ వాసనను పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు.

"అమ్మాయ్, ఎక్కుతున్నామా, నిలబడ్డామా?" అన్నాడు తాత కళ్ళు తెరవకుండానే.

"ఎక్కుతున్నాం మామయ్యా. మొదటి మలుపు దాటాం."

"నాకైతే తెలీడం లేదు. మీ ఆయన బండి ఎత్తెక్కుతుంటే వెనక నత్తలు హారన్ కొడతాయి."

నర్సమ్మ నవ్వింది. నొప్పికి ఇచ్చిన ఇంజక్షను పనిచేస్తున్నట్టుంది. స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు ఆయన ముఖం బూడిద పూసినట్టు పాలిపోయి ఉంది. పళ్ళు బిగబట్టి, కొడుకు భుజం పట్టుకుని, ఒక్క మాట కూడా అనకుండా పడుకున్నాడు. ఆయన మాట్లాడకపోతేనే ఆమెకు భయం.

"నా ఆవిరుందే, దానికి ఆకలేస్తే అరుస్తుంది. కడుపు నిండితే అరుస్తుంది. కోపమొస్తే ఊరవతలికి వినపడేట్టు అరుస్తుంది. మీ అత్తగారి లాంటిది. ఏం కావాలో నోరు తెరిచి చెప్తుంది. వీడి గ్యాసు అలాక్కాదు. అలిగి మూల కూర్చున్న కొత్త అల్లుడి టైపు. మాట్లాడదు, ఏం మనసులో పెట్టుకుందో తెలీదు."

"మాట్లాడకండి మామయ్యా, ఆయాసమొస్తుంది."

"ఆయాసం వాడి బండికి రావాలి, నాకెందుకొస్తుంది?" అని ఒక్క క్షణం చెవి ఒగ్గి విన్నాడు. నేల కింద నుంచి సన్నగా, ఎడతెగకుండా ఒక రొద వస్తోంది. "అయినా ఇదివరకు ఈ ఎత్తు దగ్గర అందరూ దిగి తోసేవాళ్ళు కదే! ఇప్పుడు ఎక్కేస్తోంది."

"ఫ్యాను బిగించారుగా. గాలిని పొయ్యిలోకి గట్టిగా తోస్తుందట."

"నేను నలుగురిలో ఎగతాళి చేశానని బిగించాడు, వెధవ." తాత పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. "పనిమంతుడే. నేనన్నానని మాత్రం వాడితో చెప్పకు."

ఆ బండిలో ఆయన తెలివితో అన్న చివరి మాటలు అవే. ఆ సంగతి నర్సమ్మకు అప్పుడు తెలియలేదు.

మలుపులు మొదలయ్యాయి. బండి ఓసారి ఇటు, ఓసారి అటు ఒరుగుతుంటే కణతల దగ్గర నొప్పి పట్టుకుంది ఆమెకు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అందుకే అనుకుంది. కాసేపటికి ఆ నొప్పి నుదురంతా పాకి, ఎవరో తలకు తడి గుడ్డ చుట్టి మెలిపెడుతున్నట్టయింది. కడుపులో తిప్పింది. మలుపుల వల్లేలే అని సర్దిచెప్పుకుంది.

"నీళ్ళు చూడు," అన్నాడు తాత.

"దాహమేస్తోందా మామయ్యా?"

"గేజీలో నీళ్ళు చూడరా! అవుటరు దగ్గర సిగ్నలు పడలేదు. విజిలు కొట్టు." ఆయన చెయ్యి గాల్లోకి లేచి, ఎప్పుడో వదిలేసిన ఇంజనులో ఎక్కడో వేలాడే తాడు కోసం వెతికి, దొరక్క కింద పడిపోయింది.

ఇంజక్షను మత్తు, అనుకుంది నర్సమ్మ. మత్తులో చాలామంది ఇలాగే మాట్లాడతారు. నాడి పట్టుకుంది. గబగబా కొట్టుకుంటోంది. లెక్కపెట్టబోతే అంకెలు జారిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ జారిపోయాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాడి లెక్క తప్పడం ఎరగదు. తల విదిలించి ఆయన ముఖం వంక చూసింది.

చూడగానే ముందు ఆమెకు సంతోషమేసింది. ముఖానికి రంగొచ్చింది. బుగ్గలు నులివెచ్చగా, ఎర్రగా ఉన్నాయి. పెదవులు పిల్లల పెదవుల్లా నిగనిగలాడుతున్నాయి. గోళ్ళు కూడా గులాబీ రంగు తిరిగాయి.

"హమ్మయ్య," అంది పైకే.

అనగానే, ఇలాంటి మాటే ఇంకెవరో అనగా విన్నట్టు గుర్తొచ్చింది. పెద్దాసుపత్రి వాకిట్లో. కుట్టుమిషను ఆవిడను స్ట్రెచర్ మీద దింపినప్పుడు తోడొచ్చిన చెల్లెలు తూలుతూ, వాంతి చేసుకుంటూ అన్న మాట. "చూడండమ్మా, మా అక్క ముఖం ఎంత కళగా ఉందో! పోయినదాని ముఖమా ఇది?" ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కూడా సొమ్మసిల్లిందనుకున్నారంతా. అంతకు ముందు మాస్టారు కూడా అంతే. ముసుగు తీసి చూస్తే నిద్రపోతున్న పెళ్ళికొడుకులా ఉన్నాడు.

నర్సమ్మ ఒళ్ళు జల్లుమంది. అరికాళ్ళలో పుట్టిన చలి వెన్నులోకి పాకింది. బండిలో ఏదో ఉంది. కంటికి కనపడనిది, ముక్కుకి తెలియనిది, ఇందాకటి నుంచీ తమ ఇద్దరి పక్కనా కూర్చుని ఉంది. కిటికీ సందులు ఆమే తన చేతులతో మూసి, దానికి చోటిచ్చింది.

లేవబోయింది. మోకాళ్ళు లేవు. ఉన్నాయి కానీ అవి తనవి కావు. బల్ల పట్టుకుని ఎలాగో లేచి, ముందు గదికీ వెనక గదికీ మధ్యనున్న చిన్న అద్దం మీద పిడికిలితో కొట్టింది.

"ఏవండీ! ఆపండి! బండి ఆపండి!"

అద్దంలోంచి భర్త మెడ, తడిసిన కాలరు కనిపిస్తున్నాయి. రేకుల మీద వాన, కింద ఫ్యాను రొద, ఆ మధ్యలో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. మళ్ళీ కొట్టింది. అతను వెనక్కి తిరగలేదు. సరే, సరే అన్నట్టు చెయ్యెత్తి ఊపాడు. తండ్రికి నొప్పెక్కువైంది, తొందరగా పోనిమ్మంటోంది అనుకున్నాడు కాబోలు, యాక్సిలరేటరు గట్టిగా నొక్కాడు. నేల కింద రొద ఈలలా మారింది.

వెనక తలుపు దగ్గరికి పాకింది. తోసింది. లోపలి గడియ ఎప్పుడో విరిగిపోతే, గతుకుల్లో తలుపు తెరుచుకోకుండా భర్తే బయట కొత్త గడియ పెట్టాడు. చాలా గట్టి గడియ. అతను ఏ పని చేసినా గట్టిగానే చేస్తాడు.

అక్కడే, తలుపుకి వీపు ఆనించి కూలబడింది. అప్పుడు ఆమెకు హాయిగా అనిపించింది. ఆ హాయిని ఆమె జన్మలో మరిచిపోలేదు. తలనొప్పి దూరంగా జరిగింది. వాన చప్పుడు మెత్తబడింది. కాసేపు కళ్ళు మూసుకుంటే ఏమైంది, తర్వాత లేచి చూడొచ్చు, మామయ్య కూడా చక్కగా పడుకున్నారు కదా అని లోపల ఎవరో లాలనగా చెప్తున్నారు. కనురెప్పలు వాలిపోయాయి.

ఇలాగే పోయింది కుట్టుమిషను ఆవిడ. ఇంత హాయిగా.

నర్సమ్మ తన చేతి మణికట్టు నోట్లో పెట్టుకుని పళ్ళు దిగేట్టు కొరికింది. నొప్పికి కళ్ళు తెరుచుకున్నాయి. ఎదురుగా, స్ట్రెచర్ కింద, ఆక్సిజన్ సిలిండరు. దాని మెడకి గొలుసుతో కట్టిన, సిలిండరు తెరిచే బరువైన ఇనప తాళంచెవి. ఆ గొలుసు విప్పడానికి వేళ్ళు సహకరించలేదు. లాగింది. తెగింది. కిటికీ మీద మొదటి దెబ్బ జారి తన వేలికే తగిలింది. రెండో దెబ్బకి అద్దం బీటలిచ్చింది. మూడోసారి అరుస్తూ కొట్టింది. అద్దం భళ్ళున పగిలి వాన ముఖాన కొట్టింది.

చల్లటి గాలి! పగిలిన అద్దం అంచు చెంప కోస్తున్నా లెక్క చెయ్యకుండా ముఖం బయట పెట్టి, నీళ్ళతో సహా గాలి మింగింది. తర్వాత రెండో కిటికీ పగలగొట్టింది. అదే తాళంచెవితో సిలిండరు తెరిచి, మాస్కు మామగారి ముఖానికి పెట్టి, పడిపోకుండా ఒళ్ళంతా ఆయన పక్కన ఆనించింది.

"మామయ్యా, పీల్చండి. మీకు దణ్ణం పెడతా, గట్టిగా పీల్చండి."

బండి కీచుమంటూ ఆగింది. గడియ తీసిన చప్పుడైంది. భర్త తలుపు తెరిచి, పగిలిన అద్దాలూ, భార్య చెంప మీద నెత్తురూ చూసి నిలువునా బిగుసుకుపోయాడు.

"ఏమైంది? నాన్నకేమైంది?"

"ముందు దింపండి. మాట్లాడకండి, దింపండి."

రోడ్డు పనివాళ్ళు వేసుకుని వదిలేసిన రేకుల పాక ఒకటి పక్కనే ఉంది. ఇద్దరూ స్ట్రెచర్ని అందులోకి మోసుకెళ్ళారు. దారిలో నర్సమ్మ రెండుసార్లు మోకాళ్ళ మీద పడి లేచింది. సిలిండరు పక్కన పెట్టి, మాస్కు సరిచేసి, అప్పుడు భర్త ముఖంలోకి చూసింది.

"మీ గ్యాసు లోపలికొస్తోంది."

"ఏంటి?"

"వెనక గదిలోకి. మీ గ్యాసే. మాస్టారు గుండె ఆగి పోలేదు. ఆవిడా గుండె ఆగి పోలేదు. ఈ గ్యాసు పీల్చి పోయేవాళ్ళ ముఖమే అలా ఎర్రగా కళకళలాడుతుంది."

అతని ముఖం ఎర్రబడింది. "నీకు మతిపోయిందా? ఊళ్ళోవాళ్ళు ఏదో వాగుతారు, నువ్వు కూడానా? గ్యాసు లీకైతే ముందు ఇంజను ఆగిపోతుంది. దానికంత సీనుండదు. ఇంజను గ్యాసుని పీల్చుకుంటుంది. గొట్టానికి చిల్లు పడిందే అనుకో, బయటి గాలి లోపలికి పోతుంది. లోపలి గ్యాసు బయటికి రాదు. రావడానికి వీల్లేదు. నాన్న కూడా ఇన్నాళ్ళూ ఇదే ఏడుపు. ఇప్పుడు నువ్వు మొదలెట్టావ్!"

"నేనూ పడిపోయేదాన్నండీ. ఇంకొంచెంసేపుంటే మీరు తలుపు తీసి ఇద్దర్నీ దింపుకునేవాళ్ళు."

"మలుపులకి తల తిరిగుంటుంది."

"సరే. ఒక్కటడుగుతాను, చెప్పండి. ఆ ఫ్యాను పీలుస్తుందా, తోస్తుందా?"

బండి ఇంజను ఇంకా ఆపలేదు. వానలో దాని కింద ఫ్యాను ఈల వేస్తూనే ఉంది. అతను మెల్లగా అటు తిరిగి, ఆ ఈలను జీవితంలో మొదటిసారి వింటున్నవాడిలా విన్నాడు.

వెళ్ళి బురదలో వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. నర్సమ్మ వెనకే వెళ్ళి వంగి చూసింది. పొయ్యి నుంచి ఇంజనుకి పోయే లావు గొట్టం సరిగ్గా వెనక గది నేల కిందుగా వెళ్తోంది. మధ్యలో రెండు గొట్టాలను కలిపే అతుకు. అతను జేబులోంచి లైటరు తీశాడు. చేతులు తడిసి రెండు మూడుసార్లు వెలగలేదు. వెలిగాక, ఆ మంటను అతుకు దగ్గరికి తీసుకెళ్ళాడు.

అతుకు మీంచి నీలం మంట లేచింది. చిటికెనవేలంత. చప్పుడు లేదు, పొగ లేదు. నేల చెక్కల సందువైపు వంగి, సన్నగా ఊగుతూ నిలబడింది.

మాస్టారినీ కుట్టుమిషను ఆవిడనూ తీసుకుపోయింది ఇదే. లైటరు వెలిగిస్తే తప్ప కంటికి కనపడలేదు. తర్వాత అతను తడి గోనెసంచి మంట మీద కుక్కి, బయటికి పాకి, ఇంజను ఆపేశాడు. కొండ మీద ఒక్క వాన చప్పుడే మిగిలింది.

"ఆ ఫ్యాను ఎప్పుడు బిగించారు?" అంది నర్సమ్మ. జవాబు ఆమెకు తెలుసు.

"మాస్టారికి ఆయాసమొచ్చిన వారమే." అతను బండి చక్రానికి వీపు ఆనించి బురదలోనే కూర్చున్నాడు. "అంతకు ముందు ఎంతమందిని తీసుకెళ్ళాను, ఎవరికీ ఏమీ కాలేదు. ఎక్కలేకపోతోందని అందరూ నవ్వుతుంటే... నాన్న నవ్వుతుంటే... తోసే ఫ్యాను పెడితే బలమొస్తుందనుకున్నా. బలమొచ్చింది. తోస్తే గ్యాసు అతుకులోంచి బయటికి చిమ్ముతుందని ఆలోచించలేదు. నేనే చంపానా వాళ్ళని? చెప్పు. నేనేనా?"

నర్సమ్మకు కోపం రావాల్సింది. రాలేదు. భయమే వేసింది. ఇందాకటి భయం వేరు, ఇది వేరు. ఈ మాట కొండ దిగి ఊళ్ళోకి పోతే ఈ మనిషి ఏమైపోతాడు? పోకపోతే తను ఏమైపోతుంది? మాస్టారి భార్య రోజూ ఆసుపత్రి ముందు నుంచే నడిచి వెళ్తుంది. రోజూ పలకరిస్తుంది.

ఆమె ఏదో అనబోయేలోగా పాకలోంచి దగ్గు వినిపించింది.

ఇద్దరూ పరిగెత్తారు. తాత మాస్కు పక్కకు లాగేసుకున్నాడు. కళ్ళు తెరిచి రేకులవంక చూస్తున్నాడు. చూపు ఇంకా కుదురుగా లేదు. కానీ ఎదురుగా ఉన్నదెవరో ఆనవాలు పట్టాడు.

"ఏ స్టేషనమ్మా ఇది?"

"ఏ స్టేషనూ కాదు మామయ్యా. కొండ మీదున్నాం." నర్సమ్మ ఏడుపు ఆపుకుంటూ మాస్కు మళ్ళీ పెట్టబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి కొడుకు వైపు తల తిప్పాడు.

"ఏరా, ఆగిపోయిందా?"

కొడుకు తండ్రి పాదాల దగ్గర కూలబడి, దుప్పటిలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దయ్యాక అతను ఏడవగా ఆయన చూడలేదు. ఏం జరిగిందో ఆయనకు తెలియదు. బండి ఆగినందుకే అనుకున్నాడు.

"ఛ, దానికేంట్రా? ఎత్తు కదా, ఆగుతుంది. నా ఇంజన్లు ఎన్నిసార్లు ఆగలేదు! లే, లే. నన్ను కూర్చోబెట్టు. ముగ్గురం తోద్దాం." విరిగిన కాలు కదపబోయి, కెవ్వుమని వెనక్కి పడ్డాడు.

ఆ కేక విని నర్సమ్మ చాలాసేపటి తర్వాత నవ్వింది. నొప్పి తెలుస్తోందంటే మనిషి దక్కాడు. నాడి పట్టుకుంది. ఈసారి లెక్క జారిపోలేదు. నిమిషం నిండా పెట్టి, నెమ్మదించిందని తేల్చుకుని, మాస్కు పెట్టి బిగించింది.

"ఇప్పుడు ఏం చేద్దాం?" అంది భర్తతో. "ఫ్యాను తీసేస్తే బండి ఎక్కదు కదా. వెనక్కి దిగిపోదాం. తలుపులు బార్లా తీసి, ఇంజను ఆపేసి, బ్రేకు మీద దింపండి. కింద ఎవరి బండైనా దొరుకుతుందేమో చూద్దాం."

అతను తల దుప్పటిలోంచి ఎత్తాడు కానీ, ఆమెవైపు చూడటం లేదు. రోడ్డు దిగువకి చూస్తున్నాడు. చెంపల మీద వాన నీళ్ళూ కన్నీళ్ళూ కలిసి కారుతున్నాయి. ఆ ముఖంలో అంతకు ముందు లేని బెదురు ఒకటి కనిపించింది.

"ఏంటండీ?"

"ఇంకొకటుంది."

"ఏం ఇంకొకటి?"

"ఫ్యాను. మన బండి ఇట్టే ఎక్కేస్తోందని బొగ్గు గ్యాసు బస్సువాళ్ళు వచ్చి అడిగారు. మాకూ పెట్టమన్నారు. ఇవాళ పొద్దున్నే బిగించి ఇచ్చాను. గొట్టం సీట్ల కిందుగానే పోతుంది. ఇలాంటి అతుకే."

నర్సమ్మ లేచి నిలబడింది. "ఎప్పుడు బయల్దేరుతుంది?"

"మన వెనకే."

వానలో అంతదాకా వేరే చప్పుడు లేదు. ఇప్పుడు ఎక్కడో కింద మలుపుల్లోంచి సన్నటి ఈల ఒకటి మొదలైంది. ముందు గాలి చప్పుడేమో అనిపించింది. తర్వాత అది పెరిగింది.

నర్సమ్మ పాకలోంచి బయటికి పరిగెత్తింది. కాళ్ళు ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. తూలుతూనే రోడ్డు మధ్యకు వెళ్ళి నిలబడింది. వెనక నుంచి భర్త "పక్కకి రా! అడ్డంగా నిలబడకు!" అని అరుస్తున్నాడు. ఆమె కదల్లేదు.

మలుపు తిరిగి బస్సు పైకొచ్చింది. లైట్లు వేసి ఉన్నాయి. వానకి అద్దాలన్నీ మూసి ఉన్నాయి, ముందు నుంచి చివరిదాకా, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా. ఆ అద్దాలకు తలలు ఆనించి జనం నిద్రపోతున్నారు. పట్టపగలు, ఈ గతుకుల్లో, అందరూ ఒక్కసారే. ఒక తల్లి భుజం మీది పాప చెయ్యి బండి కుదుపుకి అటూ ఇటూ ఊగుతోంది.

నర్సమ్మ రెండు చేతులూ పైకెత్తి, గొంతు చించుకుని అరిచింది.

డ్రైవరు ఆమెను చూశాడు. చూసి, ఏదో మంచి కల మధ్యలో తెలిసిన మనిషి కనపడినట్టు మెల్లగా నవ్వాడు.

బస్సు వేగం తగ్గలేదు.